ఇంటిల్లిపాదికీ ఒక డిస్కు పెట్టె

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య 2024 జూన్‌లో కన్నుమూశారు. కంచుమేళం కళాకారుడిగా ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మ కథనూ కోయల వంశగాథలనూ పుస్తకం పట్టకుండా, పెద్దల నోట విన్నవాటిని గుర్తుంచుకుని పాడిన మనిషి. అలాంటి గొంతు ఆగిపోయాక మనకు మిగిలేది, పాడుతుండగా ఎవరైనా పట్టి ఉంచిన రికార్డింగులే. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఇవాళ జాతరల్లో, కొలుపుల్లో, పెళ్లిళ్లలో పాడే పాటలు ఎక్కువగా ఫోన్లలోకే ఎక్కుతున్నాయి. ఫోను నాలుగేళ్లకు మారుతుంది. పాతది పిల్లల ఆటకు పోతుంది, లేదా ఎక్స్ఛేంజ్‌లో దుకాణానికి పోతుంది. వాట్సాప్‌లో పంపిన వీడియో కుదించుకుపోయి, మేళం మోతలో మాట వినపడకుండా అవుతుంది. అసలు ఫైలు ఎక్కడుందని ఐదేళ్ల తర్వాత అడిగితే ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేరు.

పాటల సంగతే కాదు. కొత్తగూడెంలో ఒక సింగరేణి కుటుంబాన్ని తీసుకోండి. బాయి పనికి పోయే తండ్రి సర్వీసు కాగితాలు, మెడికల్ బోర్డు రిపోర్టులు, డిపెండెంటు ఉద్యోగానికి కావలసిన సర్టిఫికెట్లు, రిటైరై క్వార్టర్ ఖాళీ చేసేనాటికి తేలాల్సిన లెక్కలు. చర్ల, దుమ్ముగూడెం వైపు చుట్టాలుంటే పోడు పట్టాల స్కాన్ కాపీలు. హైదరాబాద్‌లో చదివే కూతురి ప్రాజెక్టు ఫైళ్లు. అమెరికాలో ఉన్న కొడుకు పెళ్లి వీడియో. తల్లి ఫోన్‌లో కొన్ని, పాత లాప్‌టాప్‌లో కొన్ని, స్టూడియోవాళ్లు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో కొన్ని. అవసరం వచ్చిన రోజున నాలుగు చోట్ల వెతకాలి.

ఇంటి ఫైళ్లు మొదట ఇంట్లోనే ఒకచోట చేరాలి. ఆ తర్వాత వాటి నకలు ఒకటి ఊరు దాటి ఇంకోచోట ఉండాలి. మొదటి పనిని ఒక చిన్న పెట్టె చేసిపెడుతుంది. రెండో పని మనుషులు చేయాలి. పెట్టె కొన్నవాళ్లలో చాలామంది మొదటిదానితో ఆగిపోతారు, అందుకే ఈ అధ్యాయంలో రెండింటినీ కలిపి చెబుతున్నాను.

ఈ పెట్టెను నాస్ అంటారు, అంటే నెట్‌వర్క్‌కు తగిలించిన నిల్వ. చూడటానికి రొట్టెముక్కలు కాల్చే టోస్టరంత ఉంటుంది. లోపల ఒక చిన్న ప్రాసెసర్, కొంత మెమరీ, ఒకటి రెండు హార్డ్ డిస్కులు, లినక్స్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. దానికి తెర ఉండదు, కీబోర్డు ఉండదు. ఇంటి రౌటర్‌కు ఒక తీగతో కలిపితే చాలు, ఆ ఇంట్లోని ఫోన్లు, లాప్‌టాప్‌లు, టీవీ అన్నీ అందులోని ఫోల్డర్లను తమ సొంత ఫోల్డర్లలా తెరవగలుగుతాయి. మామూలు ఎక్స్‌టర్నల్ డిస్కుకూ దీనికీ తేడా అదే. ఎక్స్‌టర్నల్ డిస్కు ఒక సమయంలో ఒక కంప్యూటర్‌కే పనిచేస్తుంది, దాన్ని చేతిలో పట్టుకుని గది గదికీ తిరగాలి.

ఒక యంత్రంలోని ఫైలును ఇంకో యంత్రం నుంచి తెరవాలంటే రెండింటికీ ఒక ఉమ్మడి భాష కావాలి. అలాంటి భాషను 1983లో ఐబీఎంలో బారీ ఫైగెన్‌బామ్ రూపొందించారు. దాని పేరు ఎస్ఎంబీ. తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని విండోస్‌లోకి తీసుకుంది. 1991-92లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి, నెట్‌వర్క్ మీద పోతున్న సందేశాలను గమనించి, వాటి వ్యాకరణాన్ని తనే ఊహించి, యూనిక్స్ యంత్రం కూడా అదే భాష మాట్లాడేలా ఒక ప్రోగ్రాం రాశారు. దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ఇవాళ సాంబా పేరుతో దాదాపు ప్రతి నాస్ పెట్టెలోనూ పనిచేస్తున్నది ఆ ప్రోగ్రామే. కొత్తగూడెం రైటర్ బస్తీలోని ఒక ఇంట్లో టీవీ మీద పెళ్లి వీడియో ఆడుతోందంటే, అందులో ఆ విద్యార్థి పంచిపెట్టిన శ్రమ కూడా ఉంది.

ఇదంతా ఎందుకు, క్లౌడ్‌లో పెట్టుకోవచ్చు కదా అనేవాళ్లకు లెక్క చూపించడమే మేలు. ఇంట్లో గిగాబిట్ తీగ మీద సెకనుకు 125 మెగాబైట్లు పోవాలి. ఆచరణలో 110 దాకా పోతాయి. 40 జీబీ పెళ్లి వీడియో ఆరు నిమిషాల్లో పెట్టెలోకి చేరుతుంది. అదే వీడియోను 40 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ మీద క్లౌడ్‌కు ఎక్కించాలంటే రెండు గంటల పైమాటే. ఇంటి మొత్తం సామాను 500 జీబీ అనుకుంటే, ఇంట్లో గంటం పావు, బయటికి దాదాపు 28 గంటలు, అదీ మధ్యలో తెగకుండా ఉంటే. అడవి దారుల వెంట స్తంభాల మీద వేలాడే ఫైబర్ గాలివానకు చెట్టు పడినా తెగుతుంది, రోడ్డు పనులకూ తెగుతుంది. ఇంటర్నెట్ లేకపోయినా రౌటర్‌కు కరెంటు ఉంటే చాలు, ఇంట్లోవాళ్లకు పెట్టె అందుబాటులో ఉంటుంది. నెలనెలా అద్దె కట్టనవసరం లేదు. ఈ ప్రాంతానికి ఇది తగిన ఏర్పాటని నేననడానికి కారణాలివే.

అయితే ఆ 110 అందాలంటే తీగ సరిగా ఉండాలి. ఫైబర్ కంపెనీవాళ్లు గోడకు బిగించి వెళ్లే పెట్టెకు వెనక రంధ్రాల దగ్గర జీఈ అని రాసి ఉంటే గిగాబిట్, ఎఫ్ఈ అని ఉంటే అందులో పదోవంతే. కేబుల్ కేటగిరీ 5ఈ గానీ 6 గానీ అయ్యుండాలి. లోపల ఎనిమిది తీగలుంటాయి. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. క్రింపింగ్ చేసేటప్పుడు ఒక్క తీగ సరిగా కూర్చోకపోయినా వేగం ఏ హెచ్చరికా లేకుండా 100 మెగాబిట్లకు, అంటే పదోవంతుకు పడిపోవచ్చు. పెట్టె నెమ్మదిగా ఉందని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఆ తీగ సంగతే. వైఫై ఫోన్లకు చాలు, పెట్టెకు మాత్రం తీగే కావాలి.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది ఈ ఊళ్లో చిన్న ప్రశ్న కాదు. కొత్తగూడెంలో ఎండాకాలం పాదరసం 45 డిగ్రీలు దాటడం మామూలే. తయారీదారులు సాధారణంగా నాస్ పెట్టె ఉండే గదికి చెప్పే హద్దు 40 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం రేకుల గదిలోనో, డాబా కింద అటక మీదో ఆ హద్దు సులువుగా దాటిపోతుంది. మూసిన బీరువాలో పెడితే ఇంకా ఘోరం, ఫ్యాను తాను వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే లోపలి గదిలో, నేలకు జానెడు మూరెడు ఎత్తున, చుట్టూ గాలి ఆడేలా పెట్టాలి. దుమ్ము ఇంకో సమస్య. ఓపెన్‌కాస్టుల దగ్గరి కాలనీల్లో, బొగ్గు లారీలు తిరిగే రోడ్ల పక్క ఇళ్లలో కిటికీ చువ్వల మీద నల్లటి పొర కడుతుందని అక్కడివాళ్లకు తెలుసు. అదే పొర పెట్టె ఫ్యాను రెక్కల మీదా కడుతుంది. గాలి తగ్గితే వేడి పెరుగుతుంది. రెండు మూడు నెలలకోసారి పెట్టె ఆపి, మెత్తటి బ్రష్‌తో దులపాలి.

వేడి, కుదుపు, కరెంటు పోవడం, వీటికింత భయపడటం ఎందుకో తెలియాలంటే డిస్కు లోపల ఏం జరుగుతుందో చూడాలి. మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కులో 95 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పళ్లేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతాయి. 7200 అయితే పళ్లెం అంచు గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. ఆ పళ్లేనికి కొద్ది నానోమీటర్ల ఎత్తులో చదివే తల తేలుతూ ఉంటుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. తల పళ్లేన్ని తాకిందంటే అక్కడి అయస్కాంత పూత లేచిపోతుంది, దానితో పాటు ఆ చోట రాసిందీ పోతుంది. ఠక్కున కరెంటు పోయినా తల పళ్లెం మీద పడిపోకుండా ఇంజినీర్లు ఒక ఉపాయం చేశారు. ఇంకా తిరుగుతున్న పళ్లెం మోటారే ఆ కాసేపు డైనమోగా మారుతుంది, ఆ కరెంటుతోనే తలను పక్కనున్న మెట్టు మీదికి లాగేస్తారు. మనం స్విచ్ తీసేసిన ప్రతిసారీ లోపల ఈ పని జరుగుతూనే ఉంది.

డిస్కు అలా బతుకుతుంది గానీ, అప్పుడే రాస్తున్న ఫైలు బతక్కపోవచ్చు. మెమరీలో ఉండి ఇంకా పళ్లెం మీదికి చేరని అక్షరాలు పోతాయి, ఫైళ్ల చిట్టా సగంలో ఆగుతుంది. అందుకే పెట్టెకు చిన్న యూపీఎస్ తప్పనిసరి. యూఎస్‌బీ తీగతో పెట్టెకు కలిపే యూపీఎస్ అయితే బ్యాటరీ తగ్గుతోందని అదే కబురు పెడుతుంది, పెట్టె తనంతట తాను ఫైళ్లు మూసి పడుకుంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే సమయం ఫ్యానుకూ లైటుకూ సరిపోతుంది కానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. ఉరుములు మెరుపుల కాలంలో ఎర్తింగ్ సరిగా ఉన్న ప్లగ్గు, సర్జ్ ప్రొటెక్టర్ కూడా ఉండాలి. కరెంటు ఖర్చు గురించి భయం వద్దు. రెండు డిస్కుల పెట్టె రమారమి 20 వాట్లు తీసుకుంటుంది. రోజంతా నడిచినా నెలకు 15 యూనిట్లలోపు. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు అనుకుంటే, పాల్వంచ కేటీపీఎస్ విద్యుత్ కేంద్రంలో నెలకు పది కిలోల బొగ్గు మన పెట్టె కోసం మండినట్టు.

ఏ పెట్టె కొనాలి? సైనాలజీ, క్యూనాప్ అనే రెండు తైవాన్ కంపెనీల పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. మూలన పడిన పాత డెస్క్‌టాప్‌లో ఓపెన్ మీడియా వాల్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించినా నాస్ అవుతుంది. రాస్ప్‌బెర్రీ పై 4 లాంటి అరచేతి కంప్యూటర్‌తోనూ చేయొచ్చు. ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే పాత డెస్క్‌టాపే మంచి గురువు. ఇంట్లో తల్లిదండ్రులు మాత్రమే ఉంటే మాత్రం రెండు డిస్కులు పట్టే రెడీమేడ్ పెట్టే తీసుకోమంటాను. డిస్కులు కొనేటప్పుడు సీఎంఆర్ రకమా, ఎస్ఎంఆర్ రకమా అని అడగండి. రెండో రకంలో ట్రాకులు ఒకదానిమీదొకటి కొంత ఎక్కి ఉంటాయి కాబట్టి ఒకటి తిరగరాయాలంటే పక్కవీ తిరగరాయాలి, పనిభారం పడగానే చతికిలబడుతుంది. నాస్ కోసమని అమ్మిన కొన్ని డిస్కులు కూడా ఈ రకమేనని 2020లో బయటపడి పెద్ద రభస అయింది.

రెండు డిస్కులు ఎందుకు? హార్డ్ డిస్కు ఏదో ఒక రోజు పాడవుతుంది, అది ఏ రోజన్నదే తెలియదు. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పరిశోధన పత్రం రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి వాడే బదులు చవక డిస్కులు కొన్నింటిని కలిపి వాడితే, ఒకటి పోయినా మిగతావాటి నుంచి దాన్ని తిరిగి పుట్టించవచ్చని వాళ్లు చూపించారు. దాన్నే రెయిడ్ అంటున్నాం. అందులో తేలికైనది అద్దం పద్ధతి. రెండు డిస్కుల మీదా ఒకటే రాయడం, అంతే.

మూడు డిస్కులుంటే ఇంకొంచెం తెలివైన పద్ధతి ఉంది, దాన్ని తెలుగు అక్షరాలతోనే చూద్దాం. కంప్యూటర్‌లో ‘క’ అక్షరం మూడు బైట్లుగా ఉంటుంది. అందులో చివరి బైటు 10010101. ‘మ’ చివరి బైటు 10101110. మొదటి డిస్కు మీద ‘క’ది, రెండో డిస్కు మీద ‘మ’ది రాశామనుకోండి. మూడో డిస్కు మీద ఈ రెండింటినీ అంకెకు అంకె పోల్చి, రెండూ ఒకటే అయితే 0, వేరైతే 1 రాస్తాం. 00111011 వస్తుంది. ఇప్పుడు మొదటి డిస్కు కాలిపోయింది, ‘క’ పోయింది. మిగిలినవి 10101110, 00111011. వీటిని మళ్లీ అదే నియమంతో పోల్చండి. కాగితం మీద చేసి చూడండి, 10010101 వస్తుంది. ‘క’ తిరిగొచ్చింది. ఏ రెండు ఉన్నా మూడోది పుడుతుంది. ఇంత చిన్న లెక్క మీద ప్రపంచంలోని ఎన్నో బ్యాంకుల, ఆసుపత్రుల రికార్డులు నిలబడ్డాయి.

దీనికి మనం చెల్లించే మూల్యం ఒక డిస్కంత చోటు. సింగరేణి భూగర్భ గనుల్లో పనిచేసినవాళ్లకు ఇది వేరేగా చెప్పక్కర్లేదు. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో బొగ్గంతా ఒకేసారి తవ్వరు, మధ్యమధ్య బొగ్గునే స్తంభాలుగా వదిలేస్తారు. ఆ వదిలేసిన బొగ్గే పైకప్పును మోస్తుంది. మూడో డిస్కు ఆ పిల్లరు లాంటిది. కానీ పిల్లర్లెంత గట్టిగా ఉన్నా గనిలోకి నీళ్లొస్తే, నిప్పు రాజుకుంటే అవి కాపాడలేవు. రెయిడ్ సంగతీ అంతే. అది ఒక డిస్కు చావును తట్టుకుంటుంది. పొరపాటున ఫోల్డర్ తీసేస్తే రెండు డిస్కుల మీదా ఒకేసారి తీసేస్తుంది. పెట్టెనే ఎవరైనా ఎత్తుకుపోతే రెండు డిస్కులూ పోతాయి. రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకనేవాళ్లు ఇక్కడే మోసపోతారు. డిస్కు పోయాక కొత్తది పెట్టినా, 4 టీబీ డిస్కును తిరిగి నింపడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. అన్ని గంటలూ మిగిలిన డిస్కు ఊపిరి బిగబట్టి పనిచేయాలి. రెండూ ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే లాట్‌లో కొన్నవైతే రెండోది కూడా అదే వయసులో ఉంటుందని మరిచిపోవద్దు.

దొంగలు ఇప్పుడు నెట్‌వర్క్ మీద నుంచి కూడా వస్తున్నారు. 2017 మే 12న మొదలైన వానాక్రై అనే వైరస్ ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపాన్ని పట్టుకుని దేశదేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. లోపాన్ని సరిచేసే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనేవి నేరుగా ఇళ్లలోని క్యూనాప్ నాస్ పెట్టెల మీదికే వచ్చాయి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ వాడేవాళ్లు తెల్లారి లేచి చూసేసరికి పెట్టెలు ఖాళీ అయిపోయి ఉన్నాయి. ఎవరో ఇంటర్నెట్ నుంచి వాటిని కొత్త పెట్టెలుగా మార్చేశారు. ఆ మోడల్‌కు 2015 తర్వాత అప్‌డేట్లు రాలేదు. పెట్టె కొనేటప్పుడు ధర కంటే ముందు అడగాల్సింది, దీనికి ఇంకా ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారని.

వీటన్నిటికీ విరుగుడు మొదట్లోనే ఉంది. పెట్టెను ఇంటర్నెట్‌కు నేరుగా తెరవకండి. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి, అంటే బయటి నుంచి పెట్టెకు దారి తెరిచి, అమెరికాలో ఉన్న అబ్బాయి కూడా చూడొచ్చని యూట్యూబ్ వీడియోలు నేర్పుతాయి. చాలా మొబైల్, ఫైబర్ కంపెనీలు ఇప్పుడు ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే ఐపీ చిరునామా ఇస్తున్నాయి కాబట్టి అది చాలాచోట్ల పనిచేయదు. పనిచేసే చోట ప్రమాదం. దూరాన ఉన్న పిల్లల కోసం వైర్‌గార్డ్, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టుకుంటే వాళ్ల ఫోను మన ఇంటి రౌటర్‌కే కలిపినట్టు పనిచేస్తుంది, బయటివాళ్లకు తలుపే కనపడదు. పరికరాలు తమంతట తామే అలాంటి దారి తెరుచుకునే యూపీఎన్‌పీని రౌటర్‌లో ఆపేయండి. పెట్టెలో ఎస్ఎంబీ కనీస వెర్షన్‌ను 2గా పెట్టండి. పాత ఆండ్రాయిడ్ టీవీ ఒకటి అప్పుడు పెట్టెను గుర్తుపట్టకపోవచ్చు. ఆ టీవీ కోసం పాత తలుపు తెరిచి ఉంచొద్దు, వీడియోలను టీవీకి అందించే డీఎల్ఎన్ఏ పద్ధతి ద్వారా చూపించొచ్చు.

లోపల హక్కులు పంచడం గురించి కొంచెం ఓపిగ్గా ఆలోచించాలి. ఇంట్లోవాళ్లందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి, అన్ని ఫోల్డర్లూ తెరిచిపెట్టడం తేలికే. కానీ వైరస్ ఏ లాప్‌టాప్‌లో చేరితే ఆ మనిషికున్న హక్కులతోనే పెట్టెలోకి వస్తుంది. తమ్ముడి గేమింగ్ లాప్‌టాప్‌కు ‘కాగితాలు’ ఫోల్డర్‌ను చదివే హక్కు మాత్రమే ఉంటే, దానికి పట్టిన వైరస్ కూడా చదవగలదే గానీ చెడగొట్టలేదు. ఒక్కొక్కరికీ ఒక్కో ఖాతా ఇవ్వండి. ఫోన్ల నుంచి ఫొటోలు వచ్చి పడే ఫోల్డర్ వేరు, ఏరి దాచుకున్న ఆల్బమ్ వేరు. రెండోదానిలో రాసే హక్కు ఒక్కరికే ఉండాలి. దీనితోపాటు స్నాప్‌షాట్‌లు తప్పక పెట్టండి. బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లు మారిన భాగాన్ని పాతదాని మీద రాయవు, కొత్త చోట రాసి పాతదాన్ని అలాగే ఉంచగలవు. రోజుకొక స్నాప్‌షాట్ ఉంటే, నిన్న ఎవరో తీసేసిన ఫోల్డర్ ఇవాళ తిరిగి తెచ్చుకోవచ్చు. మారినంత మేరకే చోటు పడుతుంది.

తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టేవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, దీన్ని వివరించే పుస్తకాలు తక్కువ. విండోస్ ఫైలు పేరును అక్షరాల్లో లెక్కపెడుతుంది, హద్దు 255. నాస్‌లో ఉండే లినక్స్ బైట్లలో లెక్కపెడుతుంది, హద్దు అక్కడా 255. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు. ‘శ్రీ’ అనే ఒక్క అక్షరంలో శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి నాలుగు, అంటే 12 బైట్లు. ‘భద్రాచలం శ్రీసీతారామచంద్రస్వామి కల్యాణోత్సవం’ అన్న మూడు మాటలు విండోస్‌కు 44, నాస్‌కు 128. కొన్ని పెట్టెల్లో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్‌లో హద్దు 143 మాత్రమే, ఇంకొక చిన్న మాట చేర్చితే కాపీ మధ్యలో ఆగిపోతుంది. ఇంకొకటి: ఐత్వం గుర్తును కంప్యూటర్ రెండు రకాలుగా రాయగలదు, ఒకే గుర్తుగా లేదా ఎత్వం, దాని కింద ఒక చిన్న గుర్తుగా విడదీసి. పాత మ్యాక్‌లు విడదీసి దాచేవి. దానివల్ల ‘హైదరాబాద్’ అనే పేరుతో ఒకే చోట రెండు ఫోల్డర్లు కనపడొచ్చు. కంటికి తేడా తెలియదు, వెతికితే ఒకటే దొరుకుతుంది. తెలుగు పేర్లు మానేయమని నేనెప్పుడూ అనను. ముందు ఏడాది, నెల, తేదీ అంకెల్లో పెట్టి, తర్వాత రెండు మూడు తెలుగు మాటలు రాయండి: 2025-04-06 భద్రాచలం కల్యాణం. ఇలా పెడితే అవే వరసలో పేర్చుకుంటాయి.

ఇక రెండో పని, ఊరు దాటించడం. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ఫొటోగ్రాఫర్ల కోసం చెప్పిన 3-2-1 నియమం ఇవాళ అందరూ పాటించేది: మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. మన జిల్లాలో ఆ చివరి ఒకటికి ఉన్న విలువ గోదావరి ఒడ్డువాళ్లకు తెలుసు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కు మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చాయి. 2022లో వంతెన మీద రాకపోకలు ఆపేశారు, బూర్గంపాడు, అశ్వాపురం, దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో జనం చేతికందిన సంచితో ఇళ్లు వదిలారు. ఆ సంచిలో పట్టా కాగితం పట్టొచ్చు. తీగలతో కట్టిపడేసిన నాస్ పెట్టె ఆ హడావుడిలో సంచిలోకి రాదు. కొత్తగూడెం గోదావరికి సుమారు 40 కిలోమీటర్ల దూరం, ఆ వరద ఇక్కడికి రాదు. కాబట్టి భద్రాచలం చుట్టాల నకలు కొత్తగూడెంలో, మనది హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో పెట్టుకుంటే సరిపోతుంది. ఖమ్మంలో పెడితే మున్నేరు ఒడ్డు ఇంట్లో కాకుండా చూసుకోండి, 2024 సెప్టెంబర్ 1న ఆ కాలనీలు ఎలా మునిగాయో అందరం చూశాం.

అలా పంపే డిస్కు మామూలు యూఎస్‌బీ డిస్కు చాలు. దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి ఇవ్వండి, దారిలో పోయినా ఎవరూ చదవలేరు. పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి, ఇంట్లో ఎల్ఐసీ బాండ్లు ఉండే చోటే పెట్టండి. ఇంటి పెద్దకు ఏదైనా అయితే ఆ కాగితం లేనిదే పెట్టె మొత్తం ఇనుప దిమ్మతో సమానం. డిస్కు పంపేముందు అందులోంచి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి, ఒక వీడియో చివరిదాకా ఆడించండి. తెరిచి చూడని నకలును నేను నకలుగా లెక్కపెట్టను.

ఇంట్లో అమ్మమ్మ పాడిన పాట, నాయనమ్మ చెప్పిన కథ, ఊరి మేళం రికార్డు ఉంటే ముందు వాటినే ఫోన్లలోంచి పెట్టెలోకి దించండి. సర్టిఫికెట్‌కు డూప్లికేట్ ఇచ్చే ఆఫీసులున్నాయి, వీటికి లేవు. నాస్ కొనడానికి ఇప్పుడు డబ్బు కుదరకపోతే రెండు యూఎస్‌బీ డిస్కులతో మొదలుపెట్టండి. గోదావరికి వరద కాలం జూన్‌తో మొదలవుతుంది. మే నెల ముగిసేలోపు అందులో ఒకటి మీ ఊరు దాటి వెళ్లి ఉండాలి.